బాలవిద్య - గృహధర్మము

వేసవి సెలవులు ముగిసి జూన్ మాసమున బడులు తెరచునప్పుడు తెలుగునాట పల్లెలయందును పట్టణములయందును ఒక్కటే సందడి కానవచ్చును. తల్లిదండ్రులు పుస్తకములు కొందురు, సంచులు కొందురు, దుస్తులు కుట్టింతురు, రుసుములు చెల్లింతురు, పిల్లవానిని బడిబండి యెక్కించి తమ బాధ్యత తీరినదని తలంతురు. భూవసతిగల రైతు పంటరుణము తెచ్చియైనను, పట్టణమందలి యుద్యోగి నెలజీతమున మూడవపాలు విడచియైనను బిడ్డ చదువునకు వెచ్చించుచున్నాడు. ఈ యాసక్తిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. తమకు లేని చదువు తమ బిడ్డలకు గలుగవలెనను కోరికయే జాతి యభ్యుదయమునకు మొదటి మెట్టు. కాని ధనము చెల్లించుటతోడనే చదువు వచ్చునను నమ్మకము మాత్రము మిక్కిలి యపాయకరమైనది. అందును మూడేండ్ల ప్రాయము మొదలు ఎనిమిదేండ్ల ప్రాయము వరకు గల పసివారి విషయమున నీ నమ్మకము చేయు కీడు పెద్దలైన పిమ్మట గాని బయటపడదు. బయటపడిన పిమ్మట దిద్దుకొనుట కష్టము.

ఉన్న స్థితి యెట్లున్నదో ముందు చూతము. ప్రథమ్ అను సంస్థ 2005వ సంవత్సరము నుండి గ్రామసీమలలో నింటింటికి పోయి పిల్లల చదువును పరీక్షించి ‘అసర్’ అను నివేదికను ప్రకటించుచున్నది. 2024వ సంవత్సరపు నివేదికను బట్టి, దేశమందలి గ్రామములలో ప్రభుత్వపాఠశాలలకు పోవు మూడవతరగతి పిల్లలలో రెండవతరగతి వాచకమును చదువగలిగినవారు నూటికి 23.4 మంది మాత్రమే. 2018లో నీ సంఖ్య 20.9గా నుండెను. వ్యాధిభయముచే 2020 మార్చిలో బడులు మూతపడి, చాలకాలము తెరువబడకపోయిన ఫలితముగా 2022 నాటికి 16.3నకు దిగజారెను. రెండేండ్లలో మరల పైకి లేచుట సంతోషకరమే. అయినను ఐదవతరగతికి వచ్చిన పిల్లలలో సైతము 2024లో ఆ రెండవతరగతి వాచకమును చదువగలిగినవారు నూటికి 44.8 మందియే. అనగా అయిదేండ్లు బడికి పోయి వచ్చిన పిల్లలలో సగమునకు మించినవారు రెండేండ్ల పాఠమును చదువలేకున్నారు.

ఇవి ప్రభుత్వపు బడుల లెక్కలనియు, తమ పిల్లలు ప్రైవేటు బడులలో చదువుచున్నారు గనుక ఈ చింత తమకు లేదనియు మన పాఠకులలో కొందరనుకొనవచ్చును. వారికి మాదొక చిన్న మనవి. మీ బిడ్డ చేతికి వాని తరగతి పుస్తకము గాక, వాడెన్నడును చూడని మరియొక పుస్తకము నిచ్చి చదివింపుడు. చదివిన పిమ్మట నందేమున్నదో తన మాటలలో చెప్పుమనుడు. పాఠమును కంఠస్థము చేసి గడగడ అప్పగించు పిల్లవాడు క్రొత్తవాక్యమును చూచి తడబడుట యరుదైన సంగతి కాదు. అప్పగించుట వేరు, చదువుట వేరు. మొదటిది బడి వార్షికోత్సవమున కుపకరించును. రెండవది జీవితమున కుపకరించును.

2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఈ విషయమునకే యగ్రస్థానమిచ్చెను. మూడవతరగతి ముగియులోపల ప్రతి బాలునకు, ప్రతి బాలికకు అర్థము తెలిసి చదువుట, వ్రాయుట, సామాన్యమైన లెక్క చేయుట రావలెనని నిర్ణయించెను. దీనిని సాధించుటకై కేంద్రప్రభుత్వము 2021 జూలై 5వ తేదీన ‘నిపుణ్ భారత్’ అను ప్రణాళికను ప్రారంభించి, 2026-27వ విద్యాసంవత్సరమును గడువుగా పెట్టుకొనెను. మూడవతరగతినే యేల గీతగా గీచిరి? అంతవరకు పిల్లవాడు చదువుటను నేర్చుకొనును. అటుపిమ్మట చరిత్రమైనను, భూగోళమైనను, ప్రకృతిశాస్త్రమైనను తాను చదివి గ్రహింపవలసియుండును. చదువుటయే రానివానికి నాలుగవతరగతి పుస్తకము మూసిన తలుపువంటిది. వాడు మందబుద్ధి యనిపించుకొనును. బడియన్న భయము పెంచుకొనును. తుదకు బడి మానును. లోపము వాని బుద్ధిలో లేదు. పునాది వేయవలసిన యేండ్లు చేజారిపోయినవి.

ఈ పునాది వేయుట ఉపాధ్యాయుని పనియే గదా, మేమేల కలుగజేసికొనవలయునని యడుగువారు కలరు. వారొక లెక్కను చిత్తగింపవలయును. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఒకటవతరగతి మొదలు ఐదవతరగతి వరకు ఏడాదికి కనీసము 200 పనిదినములు, 800 బోధనగంటలు ఉండవలెనని విధించినది. ఏడాదికి గల గంటలు 8,760. నిద్రకు దినమునకు పదిగంటలు తీసివేసినను పిల్లవాడు మేలుకొనియుండు కాలము 5,110 గంటలు. చట్టము విధించిన బోధనాకాలము ఇందారవపాలు కూడ కాదు. ఆ కాలమున సైతము ఉపాధ్యాయుడు ముప్పదిమందిని ఒక్కమారు చూచుకొనవలసియుండును. మన పల్లెలలో ఒక్క ఉపాధ్యాయుడే రెండు మూడు తరగతులను నడుపు బడులు నేటికిని కలవు. అట్టి యెడ నొక్కొక్క పిల్లవాని వంతునకు వచ్చునది కొద్ది నిముషములే. తక్కిన కాలమంతయు ఇంటిదే. ఆ కాలమును సద్వినియోగము చేయుటయో, వ్యర్థము చేయుటయో గృహస్థుని చేతిలో నున్నది.

అయితే సద్వినియోగమనగా నేమి? ఇచ్చటనే మనవారు పొరబడుచున్నారు. ఇంటిని రెండవ బడిగా మార్చుట సద్వినియోగమని వారి తలంపు. సాయంకాలము బడినుండి వచ్చిన ఆరేండ్ల పిల్లవానిని నాలుగు ముద్దలు తిననీయక ట్యూషనునకు తరుముచున్నారు. రాత్రి ఎనిమిది గంటలకు తిరిగివచ్చినవాని ముందర మరల హోంవర్కు పుస్తకములు పరచుచున్నారు. వాడు తూలుచు వ్రాయును. తల్లి విసుగుకొని చేయి చేసికొనును. తుదకు తెల్లవారి బడిలో చీవాట్లు రాకుండ తల్లియే వ్రాసి పెట్టును. బొమ్మలు, అట్టలతో చేయవలసిన పనులను పెద్దలే చేసి, లేదా దుకాణమున కొని పంపుచున్నారు. దీనివలన నేర్చుకొన్నదెవరు? పిల్లవాడు నేర్చినది ఒక్కటే: తన పని నింకొకరు చేసి పెట్టుదురని.

కేంద్ర విద్యాశాఖవారు 2020లో ప్రకటించిన బడిసంచి విధానము రెండవతరగతి వరకు హోంవర్కే యీయరాదనియు, మూడవ తరగతి మొదలు ఐదవ తరగతి వరకు వారమునకు రెండు గంటలకు మించరాదనియు స్పష్టముగా చెప్పినది. ఈ నియమమును పాటించు బడులెన్ని? తెలిసి యడుగు తండ్రులెందరు? పైపెచ్చు, ఎక్కువ హోంవర్కిచ్చు బడియే మంచి బడియని యెంచి యచ్చటికే పరుగెత్తువారు మన మధ్యనే యున్నారు. బడులవారు దోషులైనచో మనము సహదోషులము.

దండనను గూర్చియు నొక్కమాట. విద్యాహక్కు చట్టము 17వ విభాగము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. బడిలో నేరమైన పని ఇంటిలో ధర్మము కాజాలదు. పొరుగింటి పిల్లవానితో పోల్చి నిందించుట దెబ్బకంటె తక్కువ బాధ గాదు. భయపడిన పిల్లవాడు ఊహింపడు, ప్రశ్నింపడు. తెలియనిదానిని తెలిసినట్లు నటించుట మాత్రమే నేర్చుకొనును.

మరి ఇల్లు చేయదగిన పని యేది? మా యభిప్రాయమున ముఖ్యముగా మూడు కలవు: మాట్లాడుట, చదివి వినిపించుట, లెక్కింపజేయుట. వీనికి ధనమక్కరలేదు, దినమునకొక అరగంట చాలును.

మొదటిది మాట. పసివాడు పుస్తకమున చదువు ప్రతి పదమును ముందు చెవితో విని యుండవలయును. వినని మాటను అక్షరములు కూడబలుకుకొని చదివినను అర్థము కాదు. కావున మాటలు విస్తారముగా వినబడు ఇంటి బిడ్డకు చదువు సులభముగా నబ్బును. మన యిండ్లలో అవ్వలు చెప్పిన కథలు, పొడుపుకథలు, పాటలు ఈ పనిని తరతరములుగా చేసినవి. అవ్వకు చదువు రాకపోవచ్చును. కాని ఆమె నోట వేలకొలది మాటలుండెను. నేడు అవ్వ యొక యూర, మనుమడొక యూర నున్నారు. ఒక్క యింట నున్నను నడుమ తెర వెలుగుచున్నది. కథ చెప్పునప్పుడు నడుమ నాపి తరువాత నేమయియుండునో చెప్పుమని పిల్లవానినడుగుడు. మరునాడు వానిచేతనే చెప్పింపుడు. వరుస తప్పక చెప్పుటలో జ్ఞాపకము, తర్కము, భాష మూడును పెరుగును. బడినుండి వచ్చినవానిని ఎన్ని మార్కులు వచ్చినవని యడుగుటకు మారుగా, ఈ దినము నీవు పంతులుగారిని అడిగిన ప్రశ్న యేదని యడుగుడు.

రెండవది చదువు. తెలుగు లిపి పిల్లలకు మేలైన లిపి. ఇంగ్లీషులో వలె ఒక యక్షరము పలువిధముల పలుకదు, వ్రాసినట్లు పలుకుదుము. అయినను పిల్లలు తొట్రుపడు తావులు కొన్ని కలవు. ప, వ, ష. మ, య, ఘ. ద, ధ, థ - ఇట్టి యక్షరముల రూపములు దగ్గరగా నుండుటచే కలగాపులగమగును. ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు గల భేదమును చెవి పట్టుకొనుటకు కొంతకాలము పట్టును. ఒత్తులలో త, న, మ, య, ర, ల, వ అనువాని రూపములు తల్లియక్షరములను పోలియుండవు గనుక వీనిని వేరుగా గుర్తుంచుకొనవలయును. తెలిసిన తల్లి, తండ్రి ఈ తావులయందు నోపికతో నిలిచినచో చాలును. అట్ట ముక్కలపై అక్షరములు వ్రాసి ఇంటివారి పేర్లను కూర్పించుట, వీధిలో అంగళ్ల పలకలను, బస్సుపై నూరిపేరును, పెండ్లి శుభలేఖను చదివించుట - ఇవన్నియు పాఠములే. వాని కనులెదుట పెద్దలు రోజుకొకమారైన పత్రికనో, పుస్తకమునో పట్టుకొనవలయును. తండ్రి చదువుట నెన్నడును చూడని పిల్లవానికి చదువుమని చెప్పిన మాట చెవికెక్కదు.

తెలుగుపిల్లలకు చదువుకొనుటకు మంచి పుస్తకములు లేవనుట సరికాదు. 1947 జూలైలో మద్రాసున ప్రారంభమైన చందమామ తరములకొలది పిల్లలకు బడిలో రాని చదువును నేర్పినది. అంతకుముందే న్యాయపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై పిల్లలచే ఆడించి, పాడించి, చెప్పించి, ఆటయే చదువని నిరూపించిరి. గుజరాతున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి, దండన లేక, కథలతో, ఆటలతో పసివారికి విద్య గరపవచ్చునని చూపెను. మనకు కొరత దారి చూపినవారిది కాదు, నడచువారిది.

మూడవది లెక్క. ఎక్కాలు కంఠస్థము చేయించుట తోడనే గణితము వచ్చినదని మనవారి నమ్మకము. ఎక్కము కావలసినదే, కాని సంఖ్య యనగా నేమో తెలిసిన పిమ్మట కావలయును. ముప్పదిరెండు చింతపిక్కలను పోసి, పదేసి చొప్పున మూడు కుప్పలు, విడిగా రెండు పెట్టింపుడు. అందుండి పదునేడు తీయుమనుడు. విడిగా నున్నవి రెండే. ఏడు తీయుటకు చాలవు. అప్పుడు పిల్లవాడు తానై ఒక పదికుప్పను విప్పును, విడివి పన్నెండగును, ఏడు తీయగా అయిదు మిగులును, మిగిలిన రెండు కుప్పలలో నొకదానిని తీయగా పదునైదు నిలుచును. బడిలో ‘అప్పు తెచ్చుట’ అని చెప్పు తీసివేత యొక్క మర్మమంతయు ఇదియే. పలకమీద నెలదినములు బోధపడనిది చింతపిక్కలతో ఒక పూటలో బోధపడవచ్చును. వామనగుంటలు, అచ్చనగాయలు, అష్టాచెమ్మ, పులిజూదము మున్నగు మన యాటలన్నియు లెక్కతో కూడినవే. అంగడికి పోవునప్పుడు చిల్లర లెక్కపెట్టించుట, వంటయింట బియ్యము కొలిపించుట, కళ్లమున బస్తాలను వరుసకింతయని యెంచి చెప్పుమనుట - రైతుయింటి బిడ్డకు ఇంతకంటె మంచి గణితపాఠశాల యెక్కడ దొరకును?

ఇక నిప్పుడు తల్లిదండ్రులను మిక్కిలి కలవరపెట్టు ప్రశ్నకు వత్తుము. బిడ్డ ఇంగ్లీషు మాధ్యమమున చదువుచున్నాడు. మాకా ఇంగ్లీషు రాదు. మేమేమి సాయము చేయగలమని పలువురు నిరాశపడుచున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో తన బడులలో ప్రాథమిక తరగతులనుండియే ఇంగ్లీషు మాధ్యమమును విధించుచు ఉత్తరువు చేసినదియు, 2020 ఏప్రిలులో రాష్ట్రోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినదియు పాఠకులెరిగినదే. సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో నుండవలెనని 2009 చట్టమే చెప్పినది. మేమింగ్లీషునకు విరోధులము కాము. అది లోకవ్యవహారమునకు, ఉద్యోగమునకు కావలసిన భాష. దానిని చక్కగా నేర్పవలసినదే. కాని ఒక భాషను నేర్చుట వేరు. తెలియని భాషలో సమస్త విషయములను నేర్చుట వేరు.

ఈ వివాదము తీరువరకు మన పిల్లలు ఎదురుచూడజాలరు. బడి మాధ్యమమేదైనను ఇంటి మాధ్యమము తెలుగుగా నుండుటలో నష్టము లేకపోగా లాభము కలదు. వాన యేల కురియునో తెలుగులో గ్రహించిన పిల్లవానికి ఇంగ్లీషున నేర్వవలసినవి నాలుగు మాటలే. భావమును మరల నేర్వనక్కరలేదు. భావమే తెలియనివానికి ఆ మాటలు వట్టి శబ్దములు. అంకెలనే చూడుడు. తెలుగున పదునాలుగన్నప్పుడు ముందు పది, పిదప నాలుగు. అంకె వ్రాయు వరుసయు నదియే. ఇంగ్లీషున ఫోర్టీనన్నప్పుడు ముందు నాలుగు, పిదప పది వినబడును. వ్రాతలో వరుస తారుమారగును. థర్టీనునకు థర్టీకి భేదము తెలియక పసివారు తికమకపడుటకు ఇదియొక కారణము. తెలుగులో సంఖ్యలను చక్కగా నెరిగినవాడు ఈ చిక్కును త్వరగా దాటును. ఆంధ్రప్రదేశమున 2020-21 నుండియు, తెలంగాణమున 2022-23 నుండియు ఒక పుట ఇంగ్లీషు, ఎదుటిపుట తెలుగుగా పాఠ్యపుస్తకములను అచ్చువేయుట ప్రారంభించిరి. ఇట్టి పుస్తకము చేతనున్న తండ్రి తనకేమియు తెలియదని తప్పుకొన వీలులేదు. తెలుగుపుటను తాను చదివి, అర్థమును బిడ్డతో ముచ్చటించి, పిదప ఎదుటిపుటను బిడ్డచేత చదివించుకొనవచ్చును. బిడ్డ గురువగుటకు నదియొక యవకాశము.

పొలమున విత్తనముతో బాటు నీరు, పదును చూచుకొను రైతు బిడ్డ విషయమున మాత్రము నిద్రను, ఆహారమును మరచుచున్నాడు. ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు దినమునకు తొమ్మిది నుండి పండ్రెండు గంటల నిద్ర కావలెనని వైద్యశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. పగలు నేర్చినది మనస్సున నిలుచునది నిద్రయందే. రెండు మొదలు నాలుగేండ్ల పసివారు కదలక తెరయెదుట కూర్చుండు కాలము దినమునకొక గంటకు మించరాదనియు, అంతకంటె తక్కువయైన మరియు మేలనియు ప్రపంచారోగ్యసంస్థ 2019లో హెచ్చరించినది. అన్నము తినిపించుటకు సెల్‌ఫోను, ఏడ్పు మాన్పుటకు సెల్‌ఫోను, అతిథులు వచ్చినప్పుడు అల్లరి సేయకుండుటకు సెల్‌ఫోను - ఈ వాడుక నింటనింట చూచుచున్నాము. పిల్లవాని చేతినుండి దానిని లాగుకొనుటకు ముందు పెద్దలు తమ చేతినుండి దింపవలయును. సాయంకాలమొక గంట ఇంటిల్లిపాదియు దానిని అటకపై పెట్టుట యసాధ్యమైన వ్రతము కాదు.

ఈ భారమంతయు తల్లిపైననే వేయుట మన సమాజమున నింకొక యన్యాయము. బిడ్డకు మార్కులు వచ్చిన తండ్రి బిడ్డ; రానిచో తల్లి పెంపకము. పొలముపని, వంటపని, ఉద్యోగము చేసి యలసిన యిల్లాలు రాత్రి పాఠము కూడ తానే చెప్పవలెననుట న్యాయము కాదు. రచ్చబండ యొద్ద రెండు గంటలు రాజకీయములు మాటలాడు తీరిక గల గృహస్థునకు బిడ్డతో అరగంట కూర్చుండు తీరిక లేదనుట మేము నమ్మజాలము. ఆడపిల్ల విషయమున మరియు నొక జాగ్రత్త యవసరము. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించి నూటయేబదియేండ్లు గడచినవి. ఆడపిల్లలు బడికి పోవుచున్నారు. కాని ఇంటికి వచ్చిన పిమ్మట తమ్ముడు పుస్తకము ముందర కూర్చుండగా అక్క చీపురు పట్టుకొను నిండ్లు నేటికిని గలవు. బడి సమానముగా నిచ్చినదానిని ఇల్లు అసమానముగా తీసికొనరాదు.

ఉపాధ్యాయునితో గృహస్థునకు గల సంబంధము కూడ మారవలసియున్నది. విద్యాహక్కు చట్టము 21వ విభాగము ప్రభుత్వ, స్థానికసంస్థల బడులకు యాజమాన్యసంఘము నేర్పరచి, అందు మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు శాసించినది. ఇంతటి యధికారమును చట్టము మనకిచ్చినది. పెక్కుచోట్ల నది సంతకముల పుస్తకమునకే పరిమితమైయున్నది. ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరు 7వ తేదీనను, మరల 2025 జూలై 10వ తేదీనను బడులన్నిట ఒకేదినమున తల్లిదండ్రుల సమావేశములు జరిపిరి. ఇది మంచి పద్ధతి. కాని పందిళ్లు, ఉపన్యాసములు, ఛాయాచిత్రములతో ముగిసిన సమావేశము వలన ఫలము లేదు. నా బిడ్డకెన్నవ స్థానమని గాక, నా బిడ్డ యెచ్చట తడబడుచున్నాడు, ఇంటిలో మేమేమి చేయవలయునని ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు అడుగవలయును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల యుపాధ్యాయుడు మనకు కావలయును; అడుగగల తల్లిదండ్రులు ఉపాధ్యాయునకు కావలయును. కూలి మనిషి బడి గుమ్మము ముందర చెప్పులు విడిచి, తలవంచి నిలువబడు నాచారము పోవలయును. ఆ సమావేశమున అతడును మనవలెనే యొక తండ్రి.

ఇంతవరకు మేము చెప్పినది చదువు గల యిండ్లకు. చదువులేని యిండ్ల మాట యేమి? తెల్లవారకమున్నే నాట్లకు, కోతలకు పోవు తల్లి, పట్టణమున తాపీపనికి పోవు తండ్రి బిడ్డ పాఠమును ఎట్లు చూడగలరు? కథలు చెప్పుటకు, చిల్లర లెక్కింపజేయుటకు వారికిని శక్తి కలదు. దానిని తక్కువగా నెంచరాదు. అయినను అక్షరము చూపువారు వారి యింట లేరు. ఇచ్చట మన పాఠకుల ధర్మము మొదలగుచున్నది. పూర్వము భూస్వాముల యరుగులపై వీధిబడులు సాగెను. అవి యెందరికో విద్యాదానము చేసినవి; కాని ఆ యరుగులపై అందరి బిడ్డలకు చోటుండలేదు. ఆ దోషమును దిద్దుకొనుటకు నేడు మనకు సమయము వచ్చినది. ఊరిలో నొక్కొక్క పెద్దయింటి వసారా సాయంకాలము గంటసేపు నాలుగు వీధుల పిల్లలకు తెరువబడినచో, ఆ యింటి కళాశాల విద్యార్థి యొకడు వారిచేత కథలపుస్తకములు చదివించినచో, ఆ గ్రామమున మూడవతరగతి దాటియు చదువరాని బిడ్డ మిగులడు. తమ పిల్లలను గూడ ఆ పిల్లలలోనే కూర్చుండబెట్టుడు. వారికిని మేలు కలుగును.

ఇట్టి పని మన దేశమునకు క్రొత్తది కాదు. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము స్థాపితమైనది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగు మహాశయులు ప్రభుత్వసహాయమునకు కాచుకొని కూర్చుండక ఊరూర పుస్తకములు చేర్చిరి. పాతూరి నాగభూషణముగారు మొదలగువారు 1935లో కృష్ణాకాలువలపై పడవలో పుస్తకములనుంచి తీరగ్రామముల ప్రజలచేత చదివించిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు కొండలలోని సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పింప పూనుకొనిరి. వారి నాటికంటె మనకు ధనమెక్కువ, దారులెక్కువ, పుస్తకములెక్కువ. పూనిక యొక్కటియే తక్కువ.

ప్రభుత్వములకును మేమొక మాట చెప్పక తప్పదు. ఇంటివారి ధర్మమును గూర్చి మేము వ్రాసినది తమ ధర్మమునుండి ప్రభుత్వములు తప్పుకొనుటకు సాకు కారాదు. పసితరగతులకు తగినంతమంది యుపాధ్యాయులను నియమింపక, ఉన్నవారిని లెక్కలకు, పత్రములకు త్రిప్పుచు, తల్లిదండ్రులు శ్రద్ధ చూపలేదని నిందించుట ధర్మము కాదు. 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నడచు అంగన్‌వాడీలు మూడేండ్ల బిడ్డకు మొదటి బడి. వానిని అన్నము పెట్టు తావులుగా మాత్రమే చూడక, ఆటపాటల చదువు నడచు తావులుగా తీర్చవలయును. ఇంటిపన్నుతో బాటు ప్రజలు గ్రంథాలయ సుంకమును చెల్లించుచునే యున్నారు. స్థానికసంస్థలు దానిని సకాలమున గ్రంథాలయములకు చేర్చుటలేదను మొర చిరకాలముగా వినబడుచున్నది. పిల్లల పుస్తకములకై ప్రజలిచ్చిన పైకము పిల్లల పుస్తకములకే చేరవలయును.

ధనమును, భూమిని బిడ్డలకు విడిచిపోవలెనని గృహస్థులు పాటుపడుచున్నారు. భూమి పంపకములలో చీలును, ధనము వ్యయమగును. తానై చదివి, తానై లెక్కించి, తానై ఆలోచింపగల శక్తి మాత్రమే పంచుకొన్నకొలది పెరుగును. ఓటుహక్కు గల ఈ ప్రజారాజ్యమున రేపు పాలింపవలసినవారు నేడు పలకలు పట్టుకొన్న పసివారే. వ్రాసినదానిని చదివి గ్రహింపలేని ప్రజ ఎవరేమి చెప్పినను నమ్మవలసినదే. అట్టి ప్రజకు స్వరాజ్యము పేరునకు మాత్రమే యుండును. మన పాఠకమహాశయులు ఈ సాయంకాలమే తమ బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక కథ చెప్పి, ఒక పుట చదివించి, నాలుగు లెక్కలు ముచ్చటింతురు గాక. వీలైనచో పొరుగింటి కూలివాని బిడ్డను గూడ పిలుతురు గాక. అరగంట కాలము వెచ్చింపలేని బీదవాడు మనలో లేడు.